ఎడమ సైలెన్సర్‌కు కట్టిన నిమ్మకాయ

కృపమణి ఏడుస్తూ రాలేదు. ఎర్రగుంట్ల నుంచి వచ్చిన బస్సు దిగి, కర్నూలు పాతబస్తీలో డిటెక్టివ్ నరసన్న ఆఫీసు మెట్లెక్కి, చేతిసంచిలోంచి పగిలిన వెల్డింగు అద్దం తీసి ఆయన బల్ల మీద పడేసింది.

"మా షెడ్డును ఇట్ల పగలగొట్టినారు. నా మొగుణ్ణి ఇట్లనే కొట్టినారు. ఇప్పుడు పోలీస్ స్టేషన్లో కూచోబెట్టినారు. ఏం పాపం చేసినాడప్పా ఏసేపు? లారీకి రెండు సైలెన్సర్లు పెట్టినాడు. అంతే!"

"ముందు కూచో తల్లీ," అన్నాడు నరసన్న.

"కూచోను. వస్తావా రావా, అది చెప్పు."

పక్క బల్ల దగ్గరున్న అసిస్టెంటు యామిని నవ్వు ఆపుకుంది. నరసన్నతో అట్లా మాట్లాడిన మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు. ఒకప్పుడు ఆయన ఇన్సూరెన్సు కంపెనీకి ప్రమాదాల సర్వేయరు. నుజ్జయిన బండి కింద దూరి వస్తే చాలు, డ్రైవరు ఏ అబద్ధం చెప్పబోతున్నాడో ముందే చెప్పేవాడని పేరు. ఆయన తెలివి ఎంతో కోపం అంత. ఆ రెండింటినీ యామిని సమానంగానే ఆరాధించేది.

కృపమణి నిలబడే చెప్పింది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు తిప్పే కంబన్న తన తండ్రి కాలపు పెట్రోలు లారీని మళ్లీ రోడ్డెక్కించాలనుకున్నాడు. ఇంజను బాగు చేయించాడు, రంగు వేయించాడు. జంట సైలెన్సర్లు పెట్టమని ఏసేపును అడిగాడు.

"ఒకటి చాలన్నా అని మా ఆయన చెప్పినాడంట. ఇనలేదు. రెండే ఉండాల అన్నాడంట. ఎందుకన్నా అంటే నవ్వినాడంట. మొన్న పొద్దున పూజ చేసి, మహానందికి పోదామని వాళ్లింటి షెడ్డులోనే బండి స్టార్ట్ చేసుకోని కూచున్నాడు. క్యాబిన్లోకి పొగ కమ్మి సచ్చిపాయ. వెల్డింగు పగిలింది, ఏసేపే సంపినాడని ఆయప్ప తమ్ముడు శివశంకర్ జనాన్ని తోలుకోని మా మీద పడినాడు."

"వెల్డింగు పగిలిందని చూసిందెవరు?"

"ఎవురూ సూడలేదు. అరిసినాడు, నమ్మినారు!"

నరసన్న చెప్పులు తొడుక్కున్నాడు.

ఎర్రగుంట్లలో కంబన్న ఇంటి ముందు ఒకే పెద్ద వాకిలి. దాని నడుమ గోడ. ఇటు అన్న, అటు తమ్ముడు. గోడ వెంట నాపరాళ్లు దొంతిగా పేర్చి ఉన్నాయి. ఒక తల్లి బిడ్డలు ఒకే వాకిట్లో గోడ కట్టుకున్న ఇళ్లను చూస్తే యామినికి గుండెలో ఏదో కలుక్కుమనేది. చనిపోయినవాళ్లకైనా ఏడాదికొకసారి తద్దినం పెట్టుకుంటారు. విడిపోయినవాళ్లకు అదీ లేదు.

రేకుల షెడ్డులో లారీ పెళ్లికొడుకులా ఉంది. నరసన్న నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. యామిని టార్చి పట్టింది.

"వెల్డింగు చూడు," కింది నుంచి ఆయన గొంతు. "ఒక్క నెర్రె లేదు. క్యాబిన్ కింద ఇంజను నుంచి దిగే గొట్టాల జాయింట్లు చూడు. కుడిదాని మీద మసి లేదు. ఎడమదాని చుట్టూ కొత్త మసి చిమ్మింది. దాని పైన నేల చెక్కల్లో సందులు. క్యాబిన్ అద్దాలు ఎందుకు మూసుకున్నాడో కనుక్కో."

"అడిగాను సార్. ఆయనకు సిమెంటు దుమ్ము పడదట. దగ్గు. ఎప్పుడూ మూసుకునే కూర్చునేవాడట."

బండి వెనక రెండు గొట్టాల మూతులకూ పసుపు, కుంకుమ పెట్టి, దిష్టికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టారు. కుడి నిమ్మకాయ పొగకు నల్లబడి, వేడికి ముడుచుకుపోయింది. ఎడమది నిన్న సంతలో తెచ్చినట్టు పచ్చగా ఉంది. అటు మూతికి పెట్టిన కుంకుమ మాత్రం చెరిగిపోయి ఉంది.

నరసన్న రెండింటినీ చాలాసేపు చూశాడు. మెడ మీద నరం ఉబ్బింది. ఆ నరం యామినికి తెలుసు. ఆయనకు కోపం వచ్చిందంటే దారి దొరికినట్టే.

కంబన్న భార్య నాగక్క కృపమణిని చూడగానే లేచింది. "ఈయమ్మను నా ఇంటికి ఎందుకు తోలుకొచ్చినారు?"

"నీ మొగుణ్ణి సంపింది నా మొగుడు కాదని చెప్పనీకి వచ్చినా!" అంది కృపమణి.

"ఇద్దరూ ఆగండమ్మా," అన్నాడు నరసన్న. "నాగక్కా, ఆ పొద్దున నీకు వినిపించింది చెప్పు."

"పూజ అయినాక పళ్లెం లోపల పెట్టనీకి పోయినా. ఆయన బండి స్టార్ట్ చేసినాడు. అది మొదాట్నుంచీ దగ్గుతానే ఉండాది, కుంటోడు నడిసినట్ల. ఇదేంది ఇట్ల అనుకుంటా ఉన్నా. శానాసేపటికి గొంతు సరిపాయ, సక్కగా గర్జించినాది. హమ్మయ్య అనుకున్నా. అప్పుడు మా మరిది అరిసినాడు. ఉరికొచ్చి తలుపు తీస్తే ఇంకా ఊపిరి ఆడతాండాది సామీ! ఆస్పత్రికి పోయే దావలో..." ఆమె మాట ఆపేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

పాత డ్రైవరు ఓబుళేశు గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. మెడలో కొత్త తువ్వాలు, నాలుగు మూలలా పసుపు. "పూజ నాడు కంబన్న మాకిద్దరికీ ఈ తువ్వాళ్లు పెట్టినాడు సామీ, నాకూ, ఆయన తమ్మునికీ. నేను పూలమాల తేనీకి అంగడికి పోయినా. వచ్చేసరికి అంతా అయిపోయినాది."

శివశంకర్ గోడ అవతలి నుంచి వచ్చాడు. ఎండకు కారుతున్న చెమటను చొక్కా చేతితో తుడుచుకుంటున్నాడు.

"ఏంది సార్ ఇంకా విచారించేది? నేను ఆ షెడ్డులోకి పోయేసరికి బండి సక్కగా ఆడతాండాది. మా అన్న వాలిపోయి ఉన్నాడు. వెంటనే కేకేసినా. ఆ వెల్డింగు నాకొడుకును ఉరి తీయాల!"

"నిజమే. ఒకణ్ణి శిక్షించాలి," అన్నాడు నరసన్న. ఆ తరువాత యామినిని పక్కకు పిలిచి, "నాపరాళ్ల వెనక చూడు," అన్నాడు మెల్లగా.

ఎండ దిగేసరికి షెడ్డులో అందరూ ఉన్నారు. ఎస్సై ఏసేపును వెంటబెట్టుకొచ్చాడు. వాచిన పెదవితో ఏసేపు భార్య పక్కన నిలబడ్డాడు.

"పాత లారీలకు గొట్టం ఒకటే," అన్నాడు నరసన్న. "సమ్మెల్లో బండి కదలకుండా సైలెన్సర్లో గుడ్డ కుక్కేవాళ్లు. ముక్కు మూస్తే ఇంజను చచ్చేది, మనిషి బతికేవాడు. ఈ బండికి ముక్కులు రెండు. ఏసేపు ముందరి మూడు సిలిండర్ల పొగ ఎడమ గొట్టానికి, వెనక మూడింటిది కుడి గొట్టానికి పంపినాడు. ఒకటి మూస్తే ఇంజను దగ్గుతుంది గానీ ఆగదు. మూసిన పక్క పొగ జాయింటులోంచి తన్నుకొని క్యాబిన్లోకి పోతుంది."

ఆయన ఎడమ నిమ్మకాయను వేలితో తట్టాడు. "ఈ గొట్టంలోంచి ఆ పొద్దున పొగ బయటికి రాలేదు. వచ్చింటే ఇది కూడా దాని జతలాగా మాడేది. పూజ అయినాక, బండి స్టార్ట్ చేసేలోపల ఎవరో దీన్ని మూసినారు. నాగక్క చెప్పింది, దగ్గిన బండి గొంతు సరిపోయింది, ఆ తరువాతనే మరిది కేక వినబడిందని. శివశంకర్ చెప్పింది, తాను వచ్చేసరికే బండి సక్కగా ఆడుతోందని. మరి గొంతు సరిచేసింది ఎవరప్పా?"

శివశంకర్ నోరు తెరిచాడు.

"నేను చెప్పేది ఇంకా అయిపోలేదు!" నరసన్న అరుపుకు రేకులు మోగాయి. "ఓబుళేశు మెడలో వాళ్లన్న పెట్టిన తువ్వాలు ఉండాది. నీది యాడ?"

యామిని నాపరాళ్ల వెనక దొరికిన గుడ్డను విప్పి పరిచింది. ఉండగా నలిగిన కొత్త తువ్వాలు. మూలల్లో పసుపు. ఒక చివర మసి. మడత మీద వంకర గీతలా గొట్టం మూతి కుంకుమ.

"భాగాల్లో బండి ఆయనకే పాయ!" శివశంకర్ గొంతు పగిలింది. "నాయన బండి! సుట్టాల ముందర బండి కుంటాల, ఆయన నవ్వుల పాలు కావాల అనుకున్నా. అంతే! సంపాలనుకోలేదు!"

"నమ్ముతాను," అన్నాడు నరసన్న. "గుడ్డ కుక్కినప్పుడు నువ్వు హంతకుడివి కాదు. అన్న స్టీరింగు మీద వాలిపోయింది చూసినాక ముందు ఏ పక్కకు పోయినావు? తలుపు దగ్గరికా, వెనక్కా? వెనక్కి పోయి తువ్వాలు పీకి, రాళ్ల వెనక దాచి, అప్పుడు కేకేసినావు. అంతసేపూ ఆయన ఊపిరి తీస్తానే ఉండినాడు. ఆ మీదట నీ తప్పు కప్పుకోనీకి ఈయన్ను కొట్టించినావు!"

నాగక్క నెమ్మదిగా లారీ వెనక్కి నడిచింది.

"రెండు గొట్టాలు ఎందుకని నేనూ అడిగినా," అంది. "కుడిది నాది, ఎడమది శంకరుది అన్నాడు. బండిని రెండుగా చీల్చలేం గదా నాగీ, గొంతన్నా ఇద్దరిదీ ఉండనీ అన్నాడు. శంకరా, మహానందికి నిన్ను పక్కన కూచోబెట్టుకోని పోవాలనే స్టార్ట్ చేసినాడు."

"వదినా..."

"ఆ పిలుపుతో నన్ను పిలవొద్దు."

ఎస్సై శివశంకర్ చేయి పట్టుకున్నాడు.

నాగక్క ఎడమ నిమ్మకాయను తెంపి నేల మీద వేసి కాలితో తొక్కింది. ఏసేపు వైపు చూడలేక కృపమణితో అంది: "మీ ఆయన్ను నేనూ తిట్టినా. మళ్లీ ఒక్కసారి రమ్మను తల్లీ. ఈ ఎడమ గొట్టం కోసి అవతల పారేయాల."

కృపమణి కోపం ఇంకా చల్లారలేదు. అయినా నాగక్క కళ్లలోకి చూసి చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"కోస్తాడులే అక్కా. ముందు వెల్డింగు అద్దం కొనుక్కోనీ."