అక్కకి పరీక్ష, చెల్లెలి జవాబులు

"ఆగండి!"

అక్క విజిల్ ఊదగానే పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. బంతి ఒక కళ్లజోడు కుర్రాడి కాళ్ల దగ్గరుంది.

"ఇప్పుడు బంతి ఎటు పంపితే బాగుంటుంది?" అక్క అడిగింది.

"కుడివైపు! అక్కడ అడ్డం ఎవరూ లేరు!" గీత బయట నుంచి వాగుడుకాయ అరిచింది.

వాగుడుకాయ అంటే అక్క ముద్దుల చెల్లెలు. ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు, పాపం తనకీ అలవాటైపోయింది. కొన్నాళ్లుగా అక్క హాల్లో గ్లాసుల్ని ఆటగాళ్లలా నిలబెట్టి ఈ పాఠమే ప్రాక్టీస్ చేస్తోంది. ఎదురుగా కూర్చుని విన్నది చెల్లెలే. ప్రశ్నలూ జవాబులూ అన్నీ కంఠతా వచ్చేశాయి.

ఈ రోజు అక్కకి కోచ్ పరీక్ష. మైదానం పక్కన కుర్చీలో ఒక మేడమ్ కూర్చుని చూస్తున్నారు. పాసైతే అక్కకి బడిలో ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అక్క కోరుకున్నది అదొక్కటే.

అందుకే చెల్లెలు తన వంతు సాయం చేస్తోంది. తర్వాతి ప్రశ్నలకి కూడా అక్క మాట పూర్తికాకుండానే జవాబు చెప్పేసింది.

నీళ్లు తాగే విరామంలో మేడమ్ కళ్లజోడు కుర్రాడిని పిలిచారు. "ఏం నేర్చుకున్నావు నాన్నా?"

వాడు వాగుడుకాయ వైపు చూసి బుర్ర గోక్కున్నాడు. "ఏమో మేడమ్. అన్నీ తనే చెప్పేస్తోందిగా. నేను ఆలోచించలేదు."

అక్క మొహం వాడిపోయింది. వాగుడుకాయ గబగబా అక్క దగ్గరికి వెళ్లింది.

"నీకు సాయం చేద్దామనే అక్కా..."

"నాకు తెలుసే." అక్క చెల్లెలి తల నిమిరింది. "నువ్వు కూర్చుని విన్నావు కాబట్టే నాకీ పాఠం ఇంత బాగా వచ్చింది. కానీ వాళ్లకీ ఆలోచించుకునే టైమివ్వాలి కదా?"

ఆట మళ్లీ మొదలైంది.

"ఆగండి! ఇప్పుడెటు?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది. వాగుడుకాయ రెండు చేతులతో నోరు మూసుకుంది. అక్క ఓపిగ్గా ఎదురుచూసింది.

కళ్లజోడు కుర్రాడు అటూ ఇటూ చూశాడు. "వెనక్కి ఇస్తే?"

ఇంట్లో అనుకున్న జవాబు అది కాదు! అయినా వాగుడుకాయ చేతులు తియ్యలేదు.

"ఇచ్చి చూడు," అంది అక్క.

బంతి వెనక్కి వెళ్లింది. అక్కడి నుంచి ఎడమవైపుకి, అక్కడి నుంచి నేరుగా గోల్లోకి! పిల్లలంతా ఎగిరి గంతేశారు.

చివర్లో మేడమ్ లేచి వచ్చి అక్కతో చెయ్యి కలిపారు. "కంగ్రాట్స్, కోచ్!"

అక్క కళ్లు తుడుచుకుంటూ చెల్లెల్ని గట్టిగా వాటేసుకుంది. "థాంక్సే!"

వాగుడుకాయ మాత్రం ఆ చేతుల్లోంచి జారుకుని కళ్లజోడు కుర్రాడి దగ్గరికి పరిగెత్తింది.

"నీ వల్లే మా అక్క పాసైంది. థాంక్స్! వెనక్కి ఇవ్వాలని నీకెలా తట్టింది?"

వాడు తడుముకుంటూ, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. వాగుడుకాయ పక్కనే కూర్చుని, ఒక్క మాటైనా మధ్యలో అనకుండా, చివరిదాకా విన్నది.