పాలముద్దలో దూడ వాటా

“ఈసారైనా మీ గిన్నె నా దాకా వస్తుందా, మధ్యలోనే అయిపోతుందా?”

పుష్పకుమారి ఈ మాట అందరి ముందూ అనేసరికి నవోమికి ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం గంట కొట్టారు. బడి వెనక సరుగుడు చెట్ల నీడలో పిల్లలంతా గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అమెరికా నుంచి వచ్చిన పాలపొడిని వేడినీళ్ళలో కలిపి అయ్యవారు తలా ఒక గ్లాసు పోస్తున్నారు. ఆ పాలంటే నవోమికి చిన్నచూపు. వాళ్ళింట్లో బర్రె ఉంది మరి! బర్రె ఉన్న పిల్లకి పొడిపాలు ఎక్కడ ఆనతాయి?

“ఎందుకు రాదు? ఈసారి పెద్ద గిన్నె తెస్తాం. నీ దాకా వచ్చి, నిన్ను దాటి, ఆ చివరి దాకా పోతుంది చూడు!” అంది నవోమి.

“చూస్తాలే! పోయినేడు కూడా ఇట్లాగే అన్నావు” అని పుష్ప మూతి తిప్పింది.

ఆదివారం గుడి పండుగ. ఆ ఊళ్ళో చర్చి కట్టిన రోజును ఏటా పండుగ చేసుకుంటారు. ఆ రోజు ప్రేమ విందు ఉంటుంది. ఇంటికొక కూర వండి తెస్తారు. గుడి ముందు ఇసుకలో అందరూ వరసగా కూర్చుని, అన్ని ఇళ్ళ కూరలూ అందరూ తింటారు. ఎవరింటి కూర వరస చివరి దాకా అందితే ఆ ఇంటివాళ్ళు గొప్పగా తిరుగుతారు.

నవోమి వాళ్ళింటి గిన్నెలో ఎప్పుడూ పాలముద్ద పొరటే.

పాలముద్ద చెయ్యడం ఆ చుట్టుపక్కల ఒక్క సామ్రాజ్యమ్మకే తెలుసు. ఆవిడ నవోమికి అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ. చిన్నప్పుడు నెల్లూరులో ఒక దొరసాని వంటింట్లో పనిచేసి అక్కడ నేర్చుకుంది. మరిగే పాలలో నిమ్మరసం కొంచెం కొంచెంగా వేస్తే పాలు విరుగుతాయి. తెల్లటి ముక్కలు పైకి తేలతాయి. వాటిని పలచటి గుడ్డలో వడగట్టి, మూట కట్టి వేలాడదీస్తే కాసేపటికి మెత్తటి ముద్ద తయారవుతుంది.

పాలు విరిగితే ఏ ఇంట్లోనైనా “అయ్యయ్యో” అంటారు. వీళ్ళింట్లో మాత్రం కావాలని విరగ్గొడతారు!

కోడికూర వాళ్ళింట్లో ఎప్పుడో ఒకసారి. మిగతా రోజుల్లో పాలముద్దే వాళ్ళకు కోడీ, చేపా అన్నీ. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, గుప్పెడు మునగాకు వేసి వేయిస్తే పొరటు. బెల్లం కలిపితే కజ్జికాయల్లోకి. విరిగిన పాల నీళ్ళు కూడా పారబోసేది లేదు. వాటితో నవోమి వాళ్ళమ్మ ఎలిశబెతు చారు కాస్తుంది. రొట్టెల పిండి తడుపుతుంది. అప్పటికీ మిగిలితే కుడితిలో పోసి బర్రెకే తాగిస్తుంది.

ఆ సాయంత్రం నవోమి బడి నుంచి వచ్చీ రాగానే అవ్వ దగ్గర కూర్చుంది.

“అవ్వా, ఈసారి పెద్ద గిన్నె నిండా చేద్దాం. నేను పుష్పకు మాటిచ్చినా.”

“అబ్బో! మాటిచ్చేది నువ్వు, పాలిచ్చేది బర్రె. దాన్ని అడిగినావా?” అని అవ్వ నవ్వింది. “సరేలే. ఈ సాయంత్రం పాలు, రేపు రెండు పూటల పాలు, ఎల్లుండి పొద్దుటి పాలు. అన్నీ విరగ్గొడితే గిన్నె నిండుతుంది. రోజూ వాడికగా పాలు కొనే వాళ్ళకు రెండు రోజులు పాలు లేవని నేను చెప్తా. ముద్దను ఉప్పు నీళ్ళలో వేసి, కుండను తడి ఇసకలో పెడితే చెడిపోదు.”

“మరి పాలు ఎవరు పిండతారు? నీ చెయ్యి వాచింది కదా.”

“నువ్వే. ఎండాకాలం సెలవుల్లో ఊరికే నేర్పినానా?”

నవోమికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటి బర్రెను తానొక్కతే పిండడం ఇదే మొదటిసారి!

“ఒకటి గుర్తు పెట్టుకో” అంది అవ్వ. “మూడు చన్నులు మనవి. నాలుగోది దూడది. దాని మీద చెయ్యి వెయ్యబాకు.”

“నాకు తెలియదా ఏంది!” అంటూ నవోమి చెంబు పట్టుకుని కొట్టంలోకి పరిగెత్తింది.

దూడ పేరు చుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుంది. విప్పగానే ఎగురుకుంటూ పోయి పొదుగును రెండు సార్లు కుమ్మింది. నాలుగు గుటకలు తాగగానే బర్రె పాలు చేపింది, చన్నుల్లోకి పాలు దిగాయి. నవోమి దూడను లాగి గుంజకు కట్టేసి పిండడం మొదలుపెట్టింది. పాలు చెంబులోకి సర్రుసర్రుమని పడుతున్నాయి. అబ్బ, ఆ చప్పుడు ఎంత బాగుందో!

మూడు చన్నులూ అయిపోయాయి. చెంబు ఇంకా కొంచెం వెలితిగా ఉంది.

నవోమి నాలుగో చన్ను వైపు చూసింది. నిండుగా ఉంది. పుష్ప మూతి తిప్పడం గుర్తొచ్చింది. “ఈ ఒక్క పూటకేలే. దూడకు గడ్డి ఉంది కదా” అనుకుంది. చెయ్యి దానంతట అదే పోయింది. చెంబు నురగతో నిండిపోయింది.

తర్వాత దూడను విప్పింది. చుక్క గబగబా వచ్చి ఒక్కో చన్నూ పట్టి చూసింది. కుమ్మింది. మళ్ళీ పట్టి చూసింది. నవోమి అటు చూడకుండా బయటికి వచ్చేసింది.

“దూడ తాగిందా?” అని అవ్వ అడిగింది.

“ఆ, తాగింది.”

“ఓయబ్బ, చెంబు నిండిందే! నా చేతికి కూడా ఎప్పుడూ ఇన్ని ఇయ్యలేదు.” అవ్వ మురిసిపోయింది.

శనివారం పొద్దున కూడా అదే పని జరిగింది. నిన్న చేసిన పని ఇవాళ చెయ్యడం ఇంకా సులువు. నాయన జయకుమార్ వాకిట్లో నిలబడి, పక్కింటి పేరమ్మవ్వను పిలిచి మరీ చూపించాడు.

“చూసినావా పేరమ్మత్తా! మా నవోమి చెయ్యి తగిలితే బర్రె చెంబులు చెంబులు ఇస్తా ఉండాది!”

నవోమి సిగ్గుపడుతూ నవ్వింది. నిజం చెప్పాలంటే ఆ నవ్వు సగమే వచ్చింది.

శనివారం సాయంత్రం కొట్టంలోకి పోయేసరికి చుక్క ఎప్పటిలా ఎగరలేదు. కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. మూతికంతా మట్టి. నేల నాకుతోంది.

“చుక్కా, లెయ్యి” అని నవోమి విప్పింది. అది మెల్లగా లేచి తల్లి దగ్గరికి పోయింది. ఒకసారి కుమ్మి, అంతటితో అలిసిపోయి నిలబడిపోయింది. బర్రె దాన్ని నాకి, నవోమి వైపు తల తిప్పి బుస్సుమంది. చేపలేదు. నవోమి చన్ను పట్టుకోగానే కాలు ఝాడించి ఒక్క తన్ను తన్నింది. చెంబు ఎగిరి గోడకు కొట్టుకుంది.

ఆ చప్పుడికి అవ్వ పరిగెత్తుకొచ్చింది.

“దెబ్బ తగిలిందా తల్లీ? యాడ తగిలింది?” అని నవోమిని తడిమి చూసింది. ఆ తర్వాతే దూడను చూసింది. దాని మూతికున్న మట్టి చూసింది. లోపలికి పోయిన డొక్కలు చూసింది. ఊరికే నవోమి ముఖంలోకి చూసింది.

నవోమి భోరుమంది. “నేనే అవ్వా! దాని పాలు కూడా నేనే పిండేసినా. నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున. తాగిందని నీకు అబద్ధం చెప్పినా.”

అవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే నవోమికి కొంచెం తేలికగా ఉండేది. ఆవిడ కొంగుతో చుక్క మూతి తుడుస్తూ, “దాని కోసం దాని తల్లి దాచుకున్న పాలు అవి. మనం అడుక్కుని తింటా ఉన్నామే!” అంది.

“ఇప్పుడెట్లా అవ్వా? చుక్కకు ఏమైనా అవుతుందా?”

“కడుపు నిండితే ఏం కాదు. ఈ పూట పాలన్నీ దానికే. కొంచెం కొంచెం తాగించాలి. ఒక్కసారిగా తాగితే కడుపు నొప్పి వస్తుంది.”

నవోమి అక్కడే కూర్చుంది. దూడను వదలడం, కాసేపు ఆపడం, మళ్ళీ వదలడం. మూడో సారికి చుక్క తోక ఆడించింది. నవోమికి ప్రాణం లేచొచ్చింది. అమ్మ అన్నానికి పిలిచినా కదల్లేదు.

“రేపు పొద్దున మళ్ళీ నువ్వే పిండాలి” అంది అవ్వ.

“నేనా? నన్ను ఇంకా నమ్ముతావా?”

“నా చెయ్యి ఇంకా తగ్గలేదు మరి!” అని అవ్వ లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున చుక్క లేచి నిలబడి, తాడు లాగుతూ అరుస్తోంది. నవోమి దాన్ని విప్పింది. అది కుమ్మగానే ఈసారి బర్రె చేపింది. నవోమి దూడను కట్టేసి, ఒక చన్ను పిండింది. రెండోది పిండింది. మూడోది మనదే. దాన్ని పిండినా ఎవరూ ఏమీ అనరు. పిండితే గిన్నెలో ఇంకొంచెం పెరుగుతుంది.

నవోమి లేచి దూడను విప్పేసింది. చుక్క పోయి రెండు చన్నులూ మార్చి మార్చి తాగింది. మూతి నిండా నురగే.

చెంబులో పాలు సగానికి కూడా రాలేదు. గడప దగ్గర నిలబడ్డ అవ్వ చూసింది. పొయ్యి మీద తపేలా పెట్టింది.

అమ్మ పొరటు చేసింది. ఉల్లిపాయలు వేగిన వాసన వీధి చివరి దాకా పోయింది. కానీ పెద్ద గిన్నెలో వేస్తే సగానికే వచ్చింది.

“చిన్న గిన్నెలోకి మారుస్తానే. నిండుగా కనిపిస్తుంది” అంది అమ్మ.

“వద్దమ్మా. సగమే ఉంది కదా, సగమే కనిపించనీ.”

ప్రార్థన అయ్యాక గుడి ముందు ఇసుకలో ఆకులు వేశారు. నవోమి తానే వడ్డిస్తానని గిన్నె చంకన పెట్టుకుంది. తలా ఒక గరిటె. పాస్టరు గారు ఒక ముద్ద తిని, “సామ్రాజ్యమ్మా, ఇది కోడికూరను మించింది!” అన్నారు. అవ్వ కొంగు సర్దుకుంది. “ఈ మాట కోసమే ఏడాదంతా బతుకుతుంది మా అత్త” అని అమ్మ నవ్వింది.

పోనుపోనూ నవోమి గరిటెకు కొంచెం తక్కువగా వడ్డించుకుంటూ పోయింది. పేరమ్మవ్వకు వేసింది. ఆ పక్కనే పుష్పకుమారి. గరిటె గిన్నె అడుగున గీసుకుంది. ఇంకేమీ లేదు.

“చెప్పినానా!” పుష్ప గట్టిగా అంది. “పెద్ద గిన్నె తెస్తాం, చివరి దాకా పోతుంది అన్నావే! ఏమైంది?”

వరసలో అందరూ తలలెత్తారు. నాయన కూడా చూస్తున్నాడు. నిన్న పేరమ్మవ్వకు గొప్పగా చెప్పుకున్న నాయన!

“బర్రె తన్నింది.” ఈ మాట నవోమి నాలుక చివర దాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు. ఆ ఒక్క మాట అంటే అందరూ అయ్యో పాపం అంటారు.

నవోమి గిన్నెను గట్టిగా పట్టుకుంది.

“పెద్ద గిన్నె నింపాలని రెండు పూటలు మా దూడ వాటా కూడా పిండేసినా. దాన్ని పస్తు పెట్టినా. మా అవ్వకు అబద్ధం చెప్పినా. ఇవాళ దాని పాలు దానికి వదిలేసినా. అందుకే నీకు అందలేదు పుష్పా.”

నవోమికి చెవులు వేడెక్కాయి. అయినా తల దించుకోలేదు.

నాయన లేచి వచ్చి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు. “ఇది కూడా మా నవోమే” అని పేరమ్మవ్వతో అన్నాడు. నిన్నటి కంటే ఆ గొంతులో ఎక్కువ గర్వం వినిపించింది. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ, “మునగాకు పొగ ఇంకా పోలేదు” అంది. అక్కడ పొయ్యీ లేదు, పొగా లేదు!

పేరమ్మవ్వ తన ఆకులోని పొరటులో సగం తీసి పుష్ప ఆకులో వేసింది. “తినుమే. ప్రేమ విందు అని పేరు పెట్టుకుని అలుగుతారా ఎవరైనా?”

పుష్ప ముందు బింకంగా కూర్చుంది. తర్వాత కొంచెం నోట్లో వేసుకుంది. తర్వాత అంతా తిని వేళ్ళు నాకింది.

“బాగుందే!” అంది మెల్లగా. “మళ్ళీ ఎప్పుడు చేస్తారు? నేను మీ ఇంటికే వస్తా.”

“అడిగి చెప్తా” అంది నవోమి.

“ఎవర్ని? మీ అవ్వనా?”

“ఊహూఁ. మా చుక్కని.”