గాజు వెనక ఇల్లు

ఆ ఇంటి జోలికి పోవద్దని చెప్పేవాళ్ళు చాలామందే ఉండేవారు. అది అరచేతి ఎత్తుండే ఇల్లు. కంప్యూటర్ తెర మీద, గాజుకి అవతల ఉంటుంది. అందులోకి కాలు పెట్టడం ఎవరి తరమూ కాదు. అయినా భయపడ్డారు. భయపడడానికి మనవాళ్ళకి గుమ్మం అక్కర్లేదు కదా.

ఒక గ్రంథాలయం కింది అంతస్తులో, మెట్ల పక్క గదిలో పన్నెండు పాత కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో ఒక ఆట. ఆటలో ఒక వీధి. వీధి చివర దీపం లేని ఇల్లు.

ఆటలోని మనిషి వీధంతా చకచకా నడుస్తాడు. గోడలెక్కుతాడు, కుక్కని తప్పించుకుంటాడు, గంతులేస్తాడు. ఆ ఇల్లు పది అడుగుల దూరంలోకి రాగానే... కాళ్ళు బరువెక్కుతాయి. ఒక అడుగు. చాలాసేపటికి ఇంకో అడుగు. వెనక మోగే పాట సాగి, సాగి, ఆడగొంతు మూలుగులా మారుతుంది. పెట్టె లోపల ఫ్యాను రొప్పడం మొదలుపెడుతుంది.

ఒకదాంట్లో కాదు — పన్నెండింట్లోనూ.

ఆ ఆట తయారుచేసినవాడు చనిపోయి అప్పటికి ఏడు నెలలు. ఇంకేం, జనానికి కావలసినంత దొరికింది. పుస్తకాలు సర్దే ఆవిడ సాయంత్రమైతే ఆ గదిలోకి వెళ్ళడం మానేసింది. వాచ్‌మన్ మెట్ల మీంచే తలుపు గొళ్ళెం చూసి వెనక్కి వచ్చేసేవాడట.

చనిపోయినవాడు నా మరిది. ఆ గదిలో ఒక రాత్రంతా ఒంటరిగా కూర్చున్నది అతని భార్య, నా తోడికోడలు. ఆమె చెప్పింది చెప్పినట్టే చెప్తాను. మధ్యలో నా నోరు ఊరుకోకపోతే సర్దుకోండి, అది ఎవరి మాటా వినదు.

ముందు ఒక సంగతి. మా మరిది చేసేవి పాత వాలకం ఆటలు. నలభై ఏళ్ళ కిందట వచ్చినవాటిలా పదహారే రంగులు, లావుపాటి చుక్కలు, మనిషి మొహం మొత్తం కలిపి గోరంత. చూడ్డానికి అంత ముసలి ఆట కాబట్టి ముసలి కంప్యూటర్లో హాయిగా నడుస్తుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పాతికేళ్ళ పిల్ల ముసలమ్మ వేషం కడితే ఆకలి తగ్గుతుందా? వేషమే ముసలిది, తిండి పడుచుదే. అతని ఇంట్లో కంప్యూటర్ కొత్తది, బాగా బలిసింది. ఎంత అడిగినా పెట్టేది. గ్రంథాలయంలోవి పాపం పళ్ళూడినవి.

లైబ్రేరియన్ చెడ్డవాడేమీ కాదు. మా మరిది బతికుండగా అతనికి ఇచ్చిన మాట ప్రకారం ఆటని ఆ పన్నెండింట్లో పెట్టించాడు. కానీ ఫిర్యాదులు వచ్చాక నా తోడికోడల్ని పిలిచి చెప్పేశాడు.

"అమ్మా, రేపు తొమ్మిదింటికి నేనే కూర్చుని ఆడతాను. ఎక్కడా ఆగకుండా నడిస్తే ఉంచుతాను. లేదంటే ఆ చివరి ఇల్లు తీసేయండి. వీధి వరకు బాగానే ఉందిగా!"

వీధి వరకు బాగానే ఉంది. వీధంతా మా మరిది ఆరు నెలల్లో గీశాడు. ఆ ఒక్క ఇంటికి మూడేళ్ళు పట్టింది. భోజనాలు చల్లారిపోయినవీ, పెళ్ళాం ఒంటరిగా పడుకున్నవీ ఆ మూడేళ్ళే. అది తీసేస్తే ఇక అతను చేసిందేముంది? పగలు ఆ గది నిండా జనం ఉంటారు కాబట్టి, మూసేశాక తెల్లారేదాకా ఉండనివ్వమని నా తోడికోడలు అడిగింది. లైబ్రేరియన్ తాళాలు ఇచ్చాడు.

ఆమె ఉద్యోగమే ఆటల్లో తప్పులు పట్టడం. మొగుడి ఆటల్లోనూ ఆమే పట్టేది. ఈ ఇంట్లోకి మాత్రం రానివ్వలేదు. "ఇంకా కాలేదు, కాలేదు" అంటూనే పోయాడు.

వాచ్‌మన్ ఫ్లాస్కులో టీ తెచ్చి గుమ్మం అవతలే పెట్టాడట.

"అమ్మా..." అన్నాడట గొంతు తగ్గించి. "వీధిలో ఎంతైనా తిరగండి. ఆ ఇంటి దగ్గరికి మాత్రం..."

"తాతా, ఆ ఇల్లు కట్టినవాడితో పదకొండేళ్ళు కాపురం చేశాను. ఇంకా భయపడ్డానికి ఏం మిగిలింది?"

"అందుకే చెప్తున్నానమ్మా," అని మెట్లెక్కేశాడు.

లైట్లు ఆర్పలేదు. అన్నీ వేసుకునే కూర్చుంది. ఆట మొదలుపెట్టింది. వీధి. కుక్క. గోడ. మలుపు.

ఇల్లు.

అడుగు... పడింది. ఇంకో అడుగు... పడలేదు. పాట సాగింది. ఫ్యాను రొప్పింది. ఆ మూలుగు విని విని అలవాటైందనుకుంది గానీ, ఖాళీ గదిలో వింటే వేరేగా ఉందట.

ముందు వాన తీసేసింది — ఆటలో కురిసే వాన. తేడా లేదు. కిటికీల నీడలు తీసేసింది. తేడా లేదు. పాట మొత్తం ఆపేసింది. మూలుగు ఆగింది, కాళ్ళు మాత్రం కదల్లేదు. గంట తర్వాత గంట గడిచింది. కనిపించేవన్నీ ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి నల్లటి తెర మీద ఒక గుమ్మం, దాని ముందు ఒక మనిషి మిగిలారు. అయినా యంత్రం అలాగే ఒగరుస్తోంది.

కనిపించేవేవీ బరువు కాదు. అయితే కనిపించనిది ఏదో ఉండాలి.

ఆమె ఏం చేసిందో నాకు అర్థమయ్యేలా చెప్పింది. మనం ఆటలో చూసేది ఒక కిటికీలోంచి చూసినట్టు. కిటికీ బయట కూడా ఆట ఉంటుంది. ఆ కిటికీని కిందికి దించింది. గుమ్మం దాటి, నేల దాటి, పునాది దాటి...

చీకటి. చీకటి. చీకటి.

ఆ చీకట్లో ఒక గది.

గది నిండా ఆడవాళ్ళు.

భుజానికి భుజం ఆనించి, సందు లేకుండా నిలబడి ఉన్నారు. నిలబడి కాదు — నడుస్తున్నారు. గోడకేసి నడుస్తున్నారు. గోడకి తగిలి, ఆగకుండా, అక్కడే అడుగులు వేస్తున్నారు. ఆమె పైన గుమ్మం ముందున్న మనిషిని ఎడమకి జరిపింది. అంతమందీ ఒక్కసారిగా ఎడమకి తిరిగారు. కుడికి జరిపింది...

కుడికి.

"అక్కా, కుర్చీలోంచి లేచిపోయాను," అంది నాతో. "మెట్ల దాకా వెళ్ళాను. మళ్ళీ నాకే సిగ్గేసింది. తప్పు దొరికాక పారిపోయే ఉద్యోగమా నాది?"

వచ్చి కూర్చుంది. లెక్కపెట్టించింది. మూడొందల పన్నెండు.

మా మరిదికి ఒక రోగం ఉండేది. ఏదీ పారేసేవాడు కాదు. విరిగిన మౌసులు, తెగిన తీగలు, చిల్లుపడ్డ సాక్సులు అన్నీ మంచం కిందికి తోసేవాడు. ఆటలోనూ అంతే చేశాడు. గీసిన బొమ్మ నచ్చకపోతే చెరిపేయాలి కదా. మహానుభావుడు చెరపలేదు. పునాది కిందికి తోసేశాడు. ఒక్కొక్కదానికీ ఒక ముక్క రాసి పెట్టాడు కూడా. ఆమె వరసగా చదివింది.

ముక్కు కుదరలేదు.

కోపం ఎక్కువైంది.

కోపం తగ్గిస్తే తనలా లేదు.

జడ బాగుంది, నడక ఎవరిదో.

మొహానికి పట్టుమని పది చుక్కలు కూడా ఉండవు. అందులో ఒక చుక్క ప్రతి బొమ్మకీ ఎడమ కనుబొమ్మ మీద తెల్లగా ఉంది. నా తోడికోడలికి చిన్నప్పుడు తలుపు తగిలి పడిన మచ్చ అక్కడే ఉంటుంది. ఆమె చెయ్యి దానంతట అదే కనుబొమ్మ మీదికి వెళ్ళిందట.

"పదకొండేళ్ళలో నా మొహంకేసి సరిగ్గా చూడలేదని ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలుసు కదక్కా."

తెలుసు. నా భుజం మీదే ఏడ్చింది. నేనూ ఆ దరిద్రుణ్ణి తిట్టాను. ఇప్పుడూ తిడతాను. మూడేళ్ళు కూర్చుని పెళ్ళాం బొమ్మ గీసేవాడికి, పక్కగదిలో ఉన్న పెళ్ళాం దగ్గరికి వెళ్ళి ఒకసారి చూసొస్తే సరిపోతుందని తోచలేదా?

సరే. తప్పు దొరికింది. ఆ మూడొందల పన్నెండు మందినీ చెరిపేస్తే ఆట గాలిలా నడుస్తుంది. ఒక్క మీట చాలు. గ్రంథాలయం గది కిటికీ బయట చీకటి పలచబడుతోంది. వేలు మీట మీదే ఉంది. కింద వాళ్ళు గోడకి తగులుతూ, తగులుతూ, నడుస్తూనే ఉన్నారు.

నొక్కలేకపోయింది.

అప్పుడు ఆమెలోని పెళ్ళాం కాదు, పనిమంతురాలు మేలుకుంది. ఇంత చిన్న బొమ్మలు మూడొందలున్నా యంత్రానికి అంత బరువు కాకూడదే! మరి దేనికి ఒగరుస్తోంది? ఆట నడవడానికి అతను రాసిన ఆజ్ఞలు తీసి చూసింది. ఆ ఇంటావిడగా గీసిన ప్రతి బొమ్మకీ అతను ముందుగా నేర్పింది ఇది — ఎవరైనా ఇంటి దగ్గరికి వస్తే, దారి వెతుక్కుని ఎదురెళ్ళు. ఎదురెళ్ళడం కష్టం కాదు. దారి కనిపించిందంటే వెతకడం ఆగిపోతుంది. కనిపించకపోతే వీధంతా, గోడలన్నీ, మూలమూలా వెతుకుతారు. అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి వెతుకుతారు. మూడొందల పన్నెండు మంది, రెప్పపాటుకి పదిసార్లు, లేని దారి కోసం. పళ్ళూడిన యంత్రం కూలబడక ఏం చేస్తుంది?

ఆమె ఎవర్నీ చెరపలేదు. గోడలో ఒక ఇటుక తీసింది. గుమ్మం దాకా నాలుగు మెట్లు పెట్టింది. వాననీ, నీడల్నీ, పాటనీ ఎక్కడివక్కడ తిరిగి పెట్టింది.

ఫ్యాను... ఆగినంత పనైంది.

గదిలో నిశ్శబ్దం. పాట పాటలా మోగింది. గుమ్మం తెరుచుకుంది. ఒకామె వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. ముక్కు కుదరనామె, కోపం ఎక్కువైనామె, నడక ఎవరిదో అయినామె... తెర నిండిపోయింది. అందరూ ఆటలోని మనిషికి ఒక్క అడుగు దూరంలో ఆగారు. పైన ఒక తెల్లటి పెట్టె వచ్చింది. అందులో ఒక్క మాట.

"ఇంకెంతసేపు?"

అది ఆమె మాట. రోజూ రాత్రి అతని గది గుమ్మంలో నిలబడి ఆమె అడిగిన మాట. కింద ఆటగాడు ఎంచుకోవడానికి జవాబు కూడా పెట్టాడు. సాధారణంగా రెండో మూడో ఉంటాయట. ఇక్కడ ఒకటే.

"ఐదు నిమిషాలు."

తెల్లారేదాకా ఆ జవాబు నొక్కకుండా కూర్చుంది. ఏడ్చావా అని అడిగాను. మాట మార్చింది.

సరిచేసిన ఆటని మిగతా పదకొండింట్లోనూ ఎక్కించేసరికి తొమ్మిదైంది, లైబ్రేరియన్ వచ్చాడు. గొడుగు మూల పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, పక్క కంప్యూటర్ ముందు కూర్చుని ఆడాడు. వీధి, కుక్క, గోడ, మలుపు, ఇల్లు. ఎక్కడా ఆగలేదు. ఆడవాళ్ళు వచ్చారు. "అబ్బో, ఇంతమందే!" అన్నాడట. పెట్టెలో ఏముందో చదివాడో లేదో... నొక్కేశాడు.

అందరూ వెనక్కి తిరిగారు. ఒక్కొక్కరే గుమ్మంలోంచి లోపలికి, మెట్లు దిగి, కిందికి.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇల్లు కూడా ఉంచేద్దాం," అని లేచి తాళాలు తీసుకున్నాడు.

ఆమె కదల్లేదు. తెరకేసే చూస్తోంది. దిగినవాళ్ళు మూడొందల పదకొండు మంది.

ఒకామె దిగలేదు. గుమ్మం ముందే నిలబడి ఉంది.

పన్నెండు కంప్యూటర్లలోనూ అంతేనట. అతను రాసిందంతా నెల రోజులు జల్లెడ పట్టింది. అందరికీ ఒకటే ఆజ్ఞ, జవాబు రాగానే వెనక్కి తిరిగి కిందికి దిగమని. ఆగమని ఎవరికీ, ఎక్కడా లేదు.

ఇలాంటివి నమ్మే రకాన్ని కాదు నేను. నమ్మేవాళ్ళని నలుగురిలో నవ్వులపాలు చేసే రకాన్ని. అందుకే పోయిన వారం స్వయంగా వెళ్ళి, మిట్టమధ్యాహ్నం, పక్క కుర్చీల్లో ఇద్దరు ఉండగా ఆడాను. ఐదు నిమిషాలు అని నొక్కాను. అందరూ దిగారు. ఆమె నిలబడింది. మళ్ళీ నొక్కాను. మూడోసారి కూడా.

కదల్లేదు. నాకేసి చూడడం లేదు. నా భుజం మీదుగా, నా కుర్చీ వెనక్కి చూస్తోంది. రెండు చుక్కల కళ్ళకి చూపేమిటంటారా? వెళ్ళి చూడండి. తెల్లటి పెట్టె మళ్ళీ వచ్చింది — ఇంకెంతసేపు?

నేను నొక్కలేదు.

అయినా ఎవరో నొక్కినట్టు జవాబు మీద వెలుగు పడింది. ఐదు నిమిషాలు.

వెనక్కి తిరిగి చూశారా అని అందరూ అడుగుతున్నారు. లేదు. తిరగలేదు.