అరవై నాలుగు ‘గుడ్’లు

ఆ రోజు సికింద్రాబాద్‌లో కురిసిన వాన గురించి చెబితే మీరు నమ్మరు. రాంగోపాల్‌పేట్‌లో చేపలు మెట్లెక్కి బట్టల కొట్లో బేరమాడాయి. అంత వానలో డాక్టర్ మేబెల్ లాగ్‌బుక్కును చున్నీలో చుట్టుకుని, తాను తడిసి ముద్దయి, దాన్ని మాత్రం పొడిగా తెచ్చి డాక్టర్ జీవరాజు బల్లమీద పడేసింది.

ఎండీ ప్రాక్టికల్స్‌లో ఆమె తప్పింది. మళ్లీ పరీక్ష ఆరు నెలలకు.

“లెక్కపెట్టాను సార్. మూడేళ్లలో అరవై నాలుగు కేసులు. అన్నింటి కిందా మీ చేత్తో ఒకే మాట. గుడ్.”

జీవరాజు ఆమె గైడు. అతని నోటికి జడిసి మిగతా పీజీలు వార్డు వెనక తలుపు వాడేవారు. ఒకడికైతే మూడు పేజీల చీవాట్లు రాసి, చాలక అట్టమీద కూడా రాశాడు. మేబెల్ దగ్గరికొచ్చేసరికి పెన్నులో సిరా తేనె అయ్యేది. ఆమె ముఖం చిన్నబోతే అతనికి ఆ పూట అన్నం సహించదు మరి.

“పేషెంటు జవాబు వినకుండానే తర్వాతి ప్రశ్నకు పోతున్నావు, ఇన్నేళ్లూ నీకెవరూ చెప్పలేదా అన్నారు ఎగ్జామినర్. మీరు చూడలేదా?”

“చూశాను.”

“మరి?”

“మీకు బాధ కలుగుతుందని...”

“ఇప్పుడు కలగలేదా?”

జీవరాజు లాగ్‌బుక్కు మూసి, స్టెతస్కోపు అందుకుని లేచాడు.

“వార్డుకు రండి,” అన్నాడు. “ఈసారి ఉన్నదున్నట్టు చెబుతాను.”

ఆరో మంచం మీద అల్వాల్ సోమయ్య, కాళ్లు వాచి ఉన్నాడు. మేబెల్ మొదలుపెట్టింది. ఆయాసముందా, షుగరుందా, మందులేమైనా...

“జెర చెప్పనియ్యి డాక్టరమ్మా,” అన్నాడు సోమయ్య. “రైలు లెక్క ఉరుకుతున్నవు. నేను దిగాలె గదా.”

జీవరాజు నవ్వలేదు. “నాలుగుసార్లు ఆయన మాట తుంచారు మేబెల్. మొదటి ఏడాది నుంచీ ఇంతే. అది తొందర కాదు, భయం. మీకేదో తెలియదని బయటపడుతుందని.”

మేబెల్ ముఖం పాలిపోయింది. పెన్ను జేబులో పెట్టేసి స్టూలు మీద కూర్చుంది. ఈసారి ఏ ప్రశ్నా వేయకుండా సోమయ్య వైపు వంగింది.

“మా ఇంటామె మోకాళ్ల నొప్పులకు గోలీలు మింగుతది,” అన్నాడు సోమయ్య మెల్లగా. “రెండు నెలల సంది నేను సుత అవే మింగుతున్న. గింతవరకు ఎవలడగలే.”

కాళ్ల వాపుకు ఆ నొప్పి గోలీలే కారణం కావచ్చు; మూడు రోజులుగా కేస్ షీటులో లేని మాట అది.

వరండాలోకి వచ్చాక మేబెల్ కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. ఒక కాగితం చాపింది. వేరే యూనిట్‌కు మార్చమని దరఖాస్తు.

“ఇకనుంచి నిజమే రాస్తాను మేబెల్.”

“నాలుగు రోజులు రాస్తారు. ఐదో రోజు నా మొహం చూసి మళ్లీ మొదటికొస్తారు. ఎందుకో నాకు తెలియదా? ఆయాలకు కూడా తెలుసు.”

అతను తల ఎత్తలేదు. “ఆ సంగతి ముందే చెప్పాల్సింది.”

“గైడుగా ఉండి చెబితే నేనేం జవాబివ్వగలను సార్? సంతకం పెట్టండి.”

పెట్టాడు. ఆమె సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచింది.

“మా ఇల్లు సీతాఫల్‌మండి. ఆదివారం చర్చి అయ్యాక నాన్న ఇంట్లోనే ఉంటారు. నేనెందుకు తప్పానో ఆయనకు మీరే చెప్పాలి. మిగతాది తర్వాత నాతో.”

“బాగా తిడతారా?”

“తిడతారు,” అంది మేబెల్. “నేను పక్కనే కూర్చుంటాను.”