ఏనుగు నడిపిన బస్సు

"కంప్యూటర్లు బాగుచేసేది మీరేనా, లేక మీరూ రిపేరుకే వచ్చారా?"

తన రిపేరు షాపులో టేబుల్ కింద వైర్లలో చిక్కుకుని ఉన్న మనవాడు ఉలిక్కిపడి తలెత్తాడు. నెత్తి ఠంగుమంది. తొలిచూపుకి గుండె జారడం విన్నాం గానీ, మనవాడికి బొప్పి కట్టింది. ఏది విప్పినా తిరిగి బిగించేసరికి ఒక స్క్రూ మిగిలిపోతుందని వీధివాళ్లు అతనికి స్క్రూ అనే పేరు పెట్టేశారు. ఎదురుగా నిలబడ్డావిడ పక్కవీధి బడిలో లెక్కల టీచరు.

"ఒక గేమ్ కావాలండీ. పేరు తెలీదు," అందామె.

"కంపెనీ?"

"అదీ తెలీదు. చిన్నప్పుడు మా తాతయ్య పక్కన కూర్చుని ఆడేదాన్ని. లెక్కలు నేర్పే గేమ్. పసుపుపచ్చ బస్సు, డ్రైవరేమో ఏనుగు. వంతెన రాగానే కూడిక అడుగుతుంది. జవాబు కొడితే..." అక్కడ ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "అంతే. అంతవరకే గుర్తుంది."

"ఏనుగుకి లైసెన్సుందా మేడమ్?"

నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. "తాతయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడట్లేదు. ఆ గేమ్ కనిపిస్తే కాస్త హుషారొస్తుందేమోనని..."

"ఓస్, అదా! నేనూ ఆడానండీ. ఆ ఏనుగు హారన్ కొడుతుంటే పడి చచ్చేవాణ్ణి. వెతికి మీ చేతిలో పెడతాగా!"

ఎక్కడ ఆడాడండీ? మనవాడు బుద్ధెరిగాక ఆడింది పేకాటొక్కటే. కానీ ఆ కళ్ల ముందు తెలీదని చెప్పడానికి నోరు రాలేదు.

ఇక సాయంత్రమైతే చాలు, బడి వదిలి ఆమె షాపుకి వచ్చేది.

"ఇదేనా చూడండి."

"డ్రైవరు కుందేలండీ!"

"ఇది?"

"ఇది రైలు. మీరు నిజంగానే ఆడారా?"

"అయ్యో, ఎంతమాట!"

వాన పడిన రోజున గొడుగుండి కూడా బయల్దేరలేదామె. మనవాడు కీబోర్డు తుడుస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూశాడు. తుడిచి తుడిచి కీబోర్డు తళతళలాడింది గానీ ఏనుగు మాత్రం దొరకలేదు. పాత సీడీలమ్మేవాళ్లని అడిగాడు. ఇంటర్నెట్లో ముక్కూమొహం తెలీనివాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు. ఒక్కడికీ గుర్తులేదు.

దొరకలేదంటే సరిపోయేది. అనలేదు. కూర్చుని తనే ఒక గేమ్ తయారుచేశాడు. పసుపుపచ్చ బస్సు గీశాడు, ఏనుగుకి టోపీ పెట్టాడు, వంతెన కట్టాడు. కట్టి, "దొరికిందండోయ్!" అన్నాడు.

ఆమె సంతోషం పట్టలేక అతని చెయ్యి పట్టేసుకుంది. ఆ చేతికోసమే ఇన్నాళ్లూ కలలుగన్నవాడికి, తీరా పట్టుకుంటే ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

మర్నాడు వాళ్లింట్లో, కిటికీ పక్క కుర్చీలో తాతయ్య. ముందు స్టూలు మీద లాప్‌టాప్. బస్సు కదలగానే ముసలాయన కళ్లు మెరిశాయి. వంతెన వచ్చింది. మూడూ నాలుగూ ఎంత?

తాతయ్య తొమ్మిది నొక్కాడు.

తప్పు, మళ్లీ ప్రయత్నించు, అంది కంప్యూటరు.

ఆయన ముందుకి వంగి చూస్తూ ఉన్నాడు. ఏమీ జరగలేదు. రెండు నొక్కాడు. మళ్లీ అదే మాట. అప్పుడు నెమ్మదిగా స్క్రూ వైపు తిరిగాడు.

"పడదేంరా?"

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆయన నోటినుంచి ఊడిపడ్డ మొదటి మాట అదే.

"ఏది పడాలి తాతయ్యా?" అన్నాడు మనవాడు తెల్లమొహం వేసుకుని.

టీచరు తల దించుకుంది. "బస్సు. తప్పు కొడితే బస్సు ఏట్లో పడాలి. ఏనుగు స్టీరింగ్ నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వస్తుంది. సర్వీసంతా బండికి గీత పడనివ్వని మనిషి, ఆ బస్సు బోల్తా కొడితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. అందుకే కావాలని తప్పులు కొట్టేదాన్ని. లెక్కల టీచర్నయ్యుండి తప్పుల కోసం వెతుకుతున్నానని ఏ మొహంతో చెప్పను?" అని చటుక్కున తలెత్తింది. "అవునూ, మీరాడారుగా! ఒక్క తప్పూ కొట్టలేదా?"

ఇది వేరే వెర్షన్ మేడమ్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. తాతయ్య వేలు ఇంకా ఆ మీట మీదే ఎదురుచూస్తోంది. ఆ వేలు చూశాక మాట లోపలికే పోయింది.

"నేను ఆడలేదండీ. ఇది దొరికిందీ కాదు. నేనే చేశా."

"మరి ఆ హారనూ..."

"అబద్ధం."

"ఆయన ముందు పెట్టేటప్పుడైనా చెప్పాలా వద్దా? ఎంత ఆశగా చూశారో!" ఆమె విసురుగా అతని వైపు తిరిగింది. "దొరకలేదని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయేది?"

మనవాడు గుమ్మం బయట విడిచిన తన చెప్పుల వైపు చూసుకుంటూ గొణిగాడు. "మీరు రావడం పోయేది."

సిగ్గుతో మనవాడి మెడ దాకా కాలిపోతోంది. గుమ్మం వైపు ఒక అడుగేశాడు.

"ఏమ్మా," అన్నాడు తాతయ్య, "పిల్లాడు వచ్చిందగ్గర్నుంచీ నిలబడే ఉన్నాడు. కూర్చోమనవేం?"

టీచరు అతని మొహం చూడకుండానే కాలితో ఒక కుర్చీ ఇటు జరిపింది.

"కూర్చోండి. వెతకడం మానెయ్యమని నేననలేదు. దొరకనిరోజు దొరకలేదనే చెప్పాలి. అంతే."

"దొరకలేదండీ."

"ఇవాళ్టి సంగతి తెలిసిందిగా. రేపటిది రేపొచ్చి చెప్పండి."