తామియా చుట్టిన పేజీ

బడిలో విరామం గంట కొట్టగానే నర్మీన్ పొద్దున కొట్టులో కొన్న తామియా పొట్లం విప్పింది. ఆ చిక్కుడుపప్పు వడలకి కాగితమంతా నూనె పట్టింది. పక్కన కూర్చున్న రీహామ్ ఆ కాగితం లాక్కుని చూసింది.

“ఇది మన లైబ్రరీ పుస్తకంలోది కదే. ఈ పడవ బొమ్మ నాకు తెలుసు.”

నర్మీన్ కొరకబోయిన వడని దించేసింది.

పండక్కి నాన్న టాబ్ కొన్నప్పటినుంచి ఆ పిల్ల కాళ్ళు నేలమీద ఆనడం లేదు. లైబ్రరీ నుంచి పడవ కథ తెచ్చుకున్నాక చూస్తే, అదే కథ టాబ్‌లోనూ ఉంది. ఇక అట్ట ఊడిన పుస్తకం ఎందుకు? పాత సామాన్ల బండి వీధిలోకి రాగానే, అమ్మ ఇచ్చిన పేపర్ల కట్టలో దాన్నీ దూర్చేసింది. బదులుగా ప్లాస్టిక్ బేసిన్ వచ్చింది. కైరోలో ఆ బండెక్కిన కాగితం ఏ తామియా కొట్టుకో చేరుతుందని ఆమెకి తెలియక కాదు.

“పారేశావా?” అంది రీహామ్.

“టాబ్‌లో ఉందిగా. మా ఇంటికొచ్చి చదువుకో.”

“నేనొస్తా. మా అమ్మెలా వస్తుంది?”

రీహామ్ తల్లి మంచం పట్టి చాలా రోజులైంది. కూతురు రోజూ ఆ కథ కాస్త చదివి వినిపించేది. సరిగ్గా పడవ పొగమంచులో తప్పిపోయిన చోట గడువు తీరి, పుస్తకం తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాతి వంతు నర్మీన్‌ది. అది ఎప్పుడు తిరిగొస్తుందా అని తల్లీకూతుళ్ళు ఎదురుచూస్తున్నారు.

నర్మీన్, పిల్లలంతా అబ్లా అని పిలిచే లైబ్రరీ టీచరు దగ్గరికెళ్ళి జరిగింది చెప్పేసింది. అబ్లా తిట్టలేదు. “మన దగ్గర ఉన్నది అదొక్కటే అమ్మా,” అని ఖాళీ అయిన చోటు చూపించింది. తిట్టినా బాగుండేది.

బడి వదిలాక తామియా కొట్టుకి పరుగెత్తింది.

“బాబాయ్, పొద్దున పొట్లం కట్టిన పుస్తకం ఉందా?”

“పొద్దుటి బేరానికే అయిపోయింది తల్లీ. తిన్నవాళ్ళు మూతి తుడుచుకుని పారేశారు.”

టాబ్ గడప దాటకూడదని నాన్న ముందే చెప్పాడు. అందుకే ఇంటికెళ్ళి, పొగమంచు దగ్గర్నుంచి కథని చేత్తో రాయడం మొదలుపెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి.

మర్నాడు సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని రీహామ్ ఇంటికెళ్ళింది. రీహామ్ చదువుతుంటే, తల్లి కళ్ళు మూసుకుని వింది. కాగితాలు అయిపోయాయి.

“పడవ దొరికిందా?” అంది తల్లి.

“అక్కడిదాకా రాయలేదు పిన్నీ. రేపు తెస్తా,” అంది నర్మీన్.

“సరేనమ్మా. రేపటిదాకా ఉంటాలే,” అని ఆమె నవ్వబోయి దగ్గింది.

రీహామ్ గోడకేసి తిరిగింది. నర్మీన్‌కి ఏడుపొచ్చింది.

దారిలో పిల్లలు ఆటకి పిలిచినా ఆగలేదు. ఇంటికెళ్ళి, పడవ దొరికేదాకా పెన్ను దించకుండా రాసింది. రేపటిదాకా ఆగకుండా, ఆ రాత్రే మళ్ళీ రీహామ్ ఇంటి తలుపు తట్టింది.