జబ్బు ఎవరిది?

"తలొంచు," అంది తూరాన్ ఖానుమ్, నిప్పుల గిన్నె పట్టుకుని.

ఫరంగీస్ తల వంచింది. దిష్టి తీసే ఇస్ఫంద్ గింజలు నిప్పుల మీద చిటపటలాడాయి. ఆ పొగను కోడలి తల చుట్టూ తిప్పుతూ, "గిట్టనివాళ్ళ కళ్ళు పేలిపోను" అని గొణిగింది అత్తగారు. గోడ మీద స్మోక్ అలారం గీపెట్టింది. ఫరంగీస్ మొగుడు బహ్రామ్ రోజూలాగే కుర్చీ ఎక్కి దాని నోరు నొక్కాడు.

"నా మీద ఏడ్చేవాళ్ళు ఇక్కడెవరున్నారు అత్తయ్యా? ఈ ఊరంతా కలిపినా షీరాజ్‌లో మన వీధంత ఉండదు."

"దిష్టికి జనాభా లెక్కలతో పనేంటే? ఆ పెద్ద డాక్టరమ్మ ఒక్కతి చాలదూ?"

ఆ పెద్ద డాక్టరమ్మ పేరు లిండ్‌క్విస్ట్. సొంత ఊరు షీరాజ్‌లో ఏళ్ళ తరబడి రోగుల్ని చూసిన ఫరంగీస్, కెనడా వచ్చాక పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి రాసింది. చివరికి సస్కాచువాన్‌లోని ఈ విలో బెండ్‌లో అవకాశం దొరికింది. పన్నెండు వారాలు లిండ్‌క్విస్ట్ కళ్ళ ముందు పనిచేయాలి. ఆవిడ సరేనంటే ఫరంగీస్ ఈ ఊరి ఫ్యామిలీ డాక్టరు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఇక్కడే పనిచేసి తీరాలి. ఆవిడ కాదన్నా, తను మధ్యలో వదిలి వెళ్ళినా, కథ కంచికే. రోగి చెయ్యి పట్టి చూసి చాలాకాలమైన డాక్టరుకు రెండోసారి తలుపు తీసేవాళ్ళు లేరు. ఈ ఒక్క అవకాశం కోసం బహ్రామ్ టొరంటోలో మంచి ఉద్యోగం మానుకుని, ఇక్కడ ధాన్యం గిడ్డంగిలో లారీలు తూస్తున్నాడు.

ఎనిమిది వారాలు సాఫీగా గడిచాయి. నిన్న మాత్రం ఫరంగీస్ చేజేతులా తప్పు చేసింది.

వాసిల్ అనే ముసలి రైతు కొడుకుతో వచ్చాడు. పరీక్షల్లో కడుపులో కాన్సర్ అని తేలింది. ఫరంగీస్ అతని కొడుకును వరండాలోకి పిలిచి విషయం చెప్పి, ముసలాయనతో "చిన్న వాపు, తగ్గిపోతుంది" అని నవ్వింది. షీరాజ్‌లో మంచి డాక్టర్లంతా చేసే పనే అది. పెద్దవాళ్ళ ముందు ఆ మాట అనడమంటే చేతులారా చంపడమే అని అక్కడ అందరి నమ్మకం.

లిండ్‌క్విస్ట్ తలుపు పక్కనే ఉండి అంతా వింది.

"ఆ జబ్బు ఎవరిది? వాసిల్‌దా, వాళ్ళబ్బాయిదా?" అని నిలదీసింది. "ముందు ఆయన్ని అడగాలి, మీకు ఎంతవరకు చెప్పమంటారు అని. ఎంత వినాలో తేల్చుకోవాల్సింది ఆయన. రేపు నువ్వే చెప్పు. ఇంకోసారి ఇలా చేశావంటే నీకు సంతకం పెట్టను."

ఆ రేపు ఈరోజే. దిష్టి తీయించుకుని ఫరంగీస్ క్లినిక్‌కు నడిచింది.

వాసిల్ అంతా చెప్పమన్నాడు. అంతా విన్నాక టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఆమెను చుర్రున చూశాడు.

"మా ఆవుకి జబ్బు చేస్తే పశువుల డాక్టరు నాకు చెప్తాడు, ఆవుకి చెప్పడు. నిన్న నువ్వు చేసింది అదే. నేను పశువుని, మావాడు యజమాని, అంతేగా?"

ఆమె క్షమించమంది. అతను క్షమించలేదు. లిండ్‌క్విస్ట్ ఒక్క మాటా సర్దిచెప్పలేదు. రోజూ అక్కడే తినే ఫరంగీస్, ఆ మధ్యాహ్నం కోటు తగిలించుకుని మంచులో పడి ఇంటికి వచ్చేసింది.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏడవకండి వదినగారూ, మీ అమ్మాయికి అనుమానం రాలేదు. నెట్ బాగాలేదనే నమ్ముతోంది."

రెండు నెలలుగా షీరాజ్ నుంచి మాటలే, మొహాలు లేవు. వీడియో అంటే చాలు, అక్కడ నెట్ పోయేది. ఇప్పుడు అత్తగారి టాబ్లెట్‌లో ఫరంగీస్ తల్లి అద్దంలోలా కనిపిస్తోంది. ఆమె వెనక మంచం మీద తండ్రి మనూచెహర్ పడుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. డాక్టరుకు ఇంకేం చెప్పాలి?

"అత్తయ్యకైతే నెట్ బ్రహ్మాండంగా ఉందే!" అంది ఫరంగీస్.

తూరాన్ ఖానుమ్ ఉలిక్కిపడింది. భోజనం చేస్తున్న బహ్రామ్ లేచి నిలబడ్డాడు.

"ఏంటి జబ్బు? నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?"

"క్లోమంలో కాన్సర్. కాలేయానికి పాకిందట," అన్నాడు బహ్రామ్ తల దించుకుని. "ఇంక చెయ్యగలిగిందేమీ లేదన్నారు. చెప్తే వదిలేసి వెళ్ళిపోతావని..."

"వెళ్తానో ఉంటానో నేను తేల్చుకుంటా! నువ్వెవడివి?"

"నీ కోసం ఉద్యోగం వదులుకున్నవాణ్ణి!"

"ఓహో, అదా! నీ త్యాగం బూడిదలో పోస్తానని మా నాన్నని దాచావన్నమాట!"

"నోరు అదుపులో పెట్టుకో," అని కొడుక్కి అడ్డం వచ్చింది తూరాన్ ఖానుమ్. "దాచమన్నది నేను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. మన పక్క ఏ ఇంట్లో చెప్తారే ఇలాంటివి? మీ మావగారికి నేను చెప్పానా? చివరిదాకా నవ్వుతూనే పోయారు. బహ్రామ్‌కేం తెలుసు, అది నా పెంపకం!"

నోట్లో నువ్వుగింజ నాననిదని పేరుపడ్డ ఆవిడ, ఈ ఒక్కటీ రెండు నెలలు కడుపులో దాచింది. ఆ కష్టానికి ఇదా ఫలితం అని ఆవిడ కోపం.

"మరి మా నాన్నకి తెలుసా?"

"తెలీదు. పిత్తాశయంలో రాళ్ళని చెప్పాం," అని తెరలోంచి తల్లి ఏడ్చింది.

"ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. అల్లుడికి తెలుసు, వియ్యపురాలికి తెలుసు. జబ్బు ఎవరిదమ్మా? మేమిద్దరం మీ పశువులమా?"

ఆ మాట అన్నాక ఫరంగీస్‌కు వాసిల్ మొహం కళ్ళ ముందుకు వచ్చింది. నిన్న ఆ వరండాలో తను వేసిన వేషమే ఇక్కడ బహ్రామ్ వేశాడు. సిగ్గుతో ఆమె కళ్ళు నిండాయి.

"ఫోన్ నాన్నకివ్వమ్మా."

"వద్దే, నీకు దణ్ణం పెడతా..."

"ఇవ్వు."

తెర ఊగి, తండ్రి మొహం దగ్గరికి వచ్చింది. ఆయన నవ్వబోయాడు.

"నాన్నా, నీ జబ్బు సంగతి నాకిప్పుడే తెలిసింది. నీకు ఎంతవరకు చెప్పమంటావు?"

ఆయన దిండు మీంచి తల ఎత్తాడు.

"అంతా చెప్పు తల్లీ. నా గదిలోకి అందరూ నవ్వుతూ వస్తారు, బయటికెళ్ళి ముక్కు చీదుతారు. ఒక్కణ్ణే అయిపోయాను."

చెప్పింది. పేరు చెప్పింది, పాకిన సంగతి చెప్పింది, నయం కాదనీ చెప్పింది. గొంతు ఎక్కడా తడబడనివ్వలేదు.

"నారింజ చెట్లు పూతకొచ్చేదాకా ఉంటానా?"

"ఉంటావనే అనుకుంటున్నా నాన్నా."

"కాపు?"

"కాపు దాకా... ఉండవు నాన్నా."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. "నీ పని ఇంకా ఎన్నాళ్ళు?"

"నాలుగు వారాలు. కానీ రమ్మంటే రేపే బయల్దేరతా."

"పూతకి ముందే అయిపోతుంది కదా. ముగించుకునే రా. అప్పటిదాకా రోజూ మొహం చూపించు. మీ అత్తగారిని తిట్టకు, నా మంచికే చేసింది."

తెర ఆరిపోయింది. ఫరంగీస్ గోడకు ఆనుకుని కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. బహ్రామ్ పక్కన కూర్చుని, "తప్పయిపోయింది ఫరంగీస్" అన్నాడు. ఆమె అతని చెయ్యి తోసెయ్యలేదు. పట్టుకోనూ లేదు.

తూరాన్ ఖానుమ్ స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడింది. కెటిల్ ఎప్పుడో మరిగింది, ఆవిడ కట్టలేదు. కాసేపటికి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"మీ మావగారు చివర్లో నాతో మాట్లాడటం మానేశారు. కిటికీ వైపు తిరిగి పడుకునేవారు. మందుల మత్తనుకున్నా. డాక్టరువి కదా, చెప్పు. ఆయనక్కూడా తెలిసిపోయిందంటావా?"

ఫరంగీస్ కళ్ళు తుడుచుకుని లేచింది. ఇందాకటి కోపానికి కావలసిన కత్తి ఇప్పుడు చేతికే అందింది. ఆమె వెళ్ళి స్టవ్ కట్టింది.

"అత్తయ్యా, మీకు ఎంతవరకు చెప్పమంటారు?"

ముసలావిడ టీకని తీసిన చక్కెర బిళ్ళను మళ్ళీ గిన్నెలో వేసింది.

"ఈ పూటకి వద్దులే అమ్మాయ్," అంది చివరికి.

ఫరంగీస్ ఆ సంగతి ఎత్తలేదు. ఇద్దరికీ టీ పోసి, అత్తగారి పక్కనే కూర్చుంది.